కంప్యూటరులో తెలుగు: ఒక సాఫ్ట్‌వేరు కుటుంబ చరిత్ర

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు మన పెద్దలు. వాళ్ళ కాలంలో కంప్యూటర్లు లేవు కాబట్టి అక్కడితో ఆగిపోయారు. ఉండి ఉంటే "ప్రోగ్రాము రాసి చూడు, రాసినదాన్ని ఇరవై ఏళ్ళు నడిపి చూడు" అని ఇంకో రెండు ముక్కలు చేర్చి ఉండేవారు.

ఈ మాట అనడానికి నాకు కాస్త అర్హత ఉందనుకుంటాను. నేను ఉండేది టెక్సస్‌లోని ఇర్వింగ్‌లో. డాలస్‌కు పడమటి పక్కన, పెద్ద విమానాశ్రయాన్ని ఆనుకుని ఉన్న ఊరు ఇది. 1970లలో ఇక్కడ లాస్ కొలీనాస్ అనే కొత్త పేట వెలిసింది. దాని వెంట పెద్ద పెద్ద సంస్థల కార్యాలయాలు వచ్చాయి. జీటీఈ టెలిఫోను సంస్థ ప్రధాన కార్యాలయం ఇక్కడే ఉండేది. 2000లో అది బెల్ అట్లాంటిక్‌తో కలిసి వెరైజన్‌గా మారింది. ఆ రోజుల్లో వైటుకె పుణ్యమా అని ఇక్కడ విమానం దిగినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. మాకు అప్పగించిన పనిలో కొత్తగా కట్టేదంటూ ఏమీ లేదు. మేము చదువుల్లోకి రాకముందే ఎవరో కోబాల్‌లో రాసిపెట్టి వెళ్ళిన ప్రోగ్రాముల్లో రెండంకెల సంవత్సరాన్ని వెతికి పట్టుకుని నాలుగంకెలు చేయడమే మా పని. ఆనాటి నుంచి ఈనాటి వరకు నా ఉద్యోగమంతా పాత ఇళ్ళకు వెల్లవేయడంతోనే గడిచిపోయింది.

ఆ పనిలో నేను మొదట నేర్చుకున్నది, ప్రోగ్రాములు ఒంటరిగా బతకవని. ఒక చోట నేను పనిచేసినప్పుడు బిల్లులు వేసే ప్రోగ్రాము రాష్ట్రానికి ఒకటి చొప్పున ఉండేది. మొదటిదాన్ని నకలు తీసి అక్కడక్కడా మార్చి రెండోది చేశారు, రెండోదాన్ని నకలు తీసి మూడోది. ఒకదానిలో తప్పు దొరికితే మిగతా అన్నిటిలోనూ అదే తప్పును విడివిడిగా వెతకాలి. ఒకే ఇంట్లో ఉంటూ ఒకరితో ఒకరు మాట్లాడుకోని తోడికోడళ్ళలాగా ఉండేవి అవి. డేవిడ్ పార్నాస్ అనే శాస్త్రవేత్త 1976లోనే ప్రోగ్రాముల కుటుంబాల గురించి ఒక వ్యాసం రాశాడు. దాని సారం మన భాషలో చెప్పాలంటే ఇది: ముందు కుటుంబానికంతటికీ ఉమ్మడిగా ఉండేదేమిటో తేల్చుకోండి. ఆ తరువాతే ఒక్కొక్కదాని ప్రత్యేకతలోకి వెళ్ళండి.

ఈ సూత్రం విలువ ఏమిటో తెలియాలంటే ఏ బ్యాంకు ప్రోగ్రాములనో, టెలిఫోను ప్రోగ్రాములనో చూడనక్కరలేదు. మనవాళ్ళు, అందులోనూ ఎక్కువగా జీతం లేకుండా, రాత్రిళ్ళూ శనాదివారాలూ కూర్చుని కట్టిన ఒక కుటుంబం ఉంది. అదే కంప్యూటరులో తెలుగు రాసే పనిముట్ల కుటుంబం. దాని మూలపురుషుడు పుట్టింది మా టెక్సస్‌లోనే.

హ్యూస్టన్‌లో కుదిరిన ఒప్పందం

ఇర్వింగ్ నుంచి దక్షిణంగా నాలుగు గంటలు కారు నడిపితే హ్యూస్టన్, అక్కడ రైస్ విశ్వవిద్యాలయం. 1990ల తొలి ఏళ్ళలో అక్కడి కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ గార్లు తెలుగును ఇంగ్లీషు అక్షరాలలో రాయడానికి ఒక పద్ధతి ఏర్పరచారు. దాని పేరు రైస్ ట్రాన్స్‌లిటరేషన్ స్టాండర్డ్. వాడుకలో ఆర్.టి.ఎస్. అయింది.

అప్పటి ఇంటర్నెట్టులో ఇంగ్లీషు అక్షరాలు తప్ప మరొకటి నడిచేది కాదు. మనవాళ్ళు ఉత్తరాలూ పద్యాలూ వాదోపవాదాలూ అన్నీ ఆ అక్షరాలలోనే ఎవరికి తోచినట్టు వారు రాసుకునేవారు. 'కల' అని రాశారో 'కళ' అని రాశారో, 'పాట' పాడుతున్నారో 'పాత' మాట చెబుతున్నారో చదివేవాళ్ళు ఊహించుకోవాలి. ఆర్.టి.ఎస్. ఈ గందరగోళానికి చాలా చవకైన మందు కనిపెట్టింది. చిన్న 'టి' కొడితే త, పెద్ద 'టి' కొడితే ట. చిన్న 'ఎన్' న, పెద్ద 'ఎన్' ణ. చిన్న 'ఎల్' ల, పెద్ద 'ఎల్' ళ. పెద్ద 'ఎమ్' సున్న. అంటే కలకూ కళకూ మధ్య తేడా షిఫ్టు మీట ఒక్కటే. కొత్త కీబోర్డు కొననక్కరలేదు, టైపు మళ్ళీ నేర్చుకోనక్కరలేదు.

దీనికి తోడుగా వాళ్ళిద్దరూ 'రిట్' అనే ప్రోగ్రాము రాశారు. ఆర్.టి.ఎస్.లో రాసినదాన్ని అది తిరిగి తెలుగు లిపిలోకి మార్చిపెట్టేది. అదే కాలంలో ముక్కవిల్లి లక్ష్మి, లక్ష్మణకుమార్ గార్లు 'తెలుగు టెక్' తయారుచేశారు. డొనాల్డ్ క్నూత్ అచ్చుపని కోసం రాసిన టెక్ అనే ప్రోగ్రాములో తెలుగు అక్షరాలు పలికించే ఫాంటూ, దాని సరంజామా అది. అవినాశ్ చోప్డే గారి 'ఐట్రాన్స్' ఎన్నో భారతీయ భాషలకు ఇలాంటి సదుపాయమే కలిగించింది. కుటుంబం ఇలా మొదలైంది.

ఇందులో నాకు అన్నిటికంటే గొప్పగా కనిపించే సంగతి ఒకటుంది. ఆర్.టి.ఎస్. ప్రోగ్రాము కాదు, ఒప్పందం. ఏ మీట కొడితే ఏ అక్షరమో చెప్పే ఒక చిన్న పట్టిక. అది కాగితం మీద ఒక పుటలో పడుతుంది. అందరి ముందూ ఉంది. ఎవరైనా తీసుకుని తమ ప్రోగ్రాములో పెట్టుకోవచ్చు. పార్నాస్ ముందు తేల్చుకోమన్న ఉమ్మడి సొత్తు ఇదే.

ఎవరి ఫాంటు వారిదే

ఇదే సమయంలో మన రాష్ట్రంలో వేరే కథ నడిచింది. కాన్పూరు ఐఐటీలో మొదలై పుణె సీడాక్‌లో పెరిగిన 'జిస్ట్' పరిశోధన భారతీయ లిపులన్నిటికీ ఉమ్మడి సంకేతాలు ఉండాలని చెప్పింది. 1991లో 'ఇస్కీ' అనే జాతీయ ప్రమాణమూ వచ్చింది. కానీ డీటీపీ సెంటర్లకూ పత్రికాఫీసులకూ కావలసింది రేపు ఉదయానికి అచ్చులో అందంగా కనబడే అక్షరం. అను ఫాంట్లు, శ్రీలిపి, ఈనాడు వారి ఫాంటు, వార్త వారి ఫాంటు, ఇలా ఎవరి ఫాంటు వారు తయారుచేసుకున్నారు. కంప్యూటరు ఇచ్చే గదులు 256. తెలుగుకు గుణింతాలు, వత్తులు, వాటి కలయికలు వేలల్లో ఉంటాయి. అందుకని అక్షరాన్ని ముక్కలు చేసి తలకట్టు ఒక గదిలో, కొమ్ము ఒక గదిలో, వత్తు ఇంకో గదిలో సర్దారు. ఏ ముక్కను ఏ గదిలో పెట్టాలన్నది ఎవరి ఇష్టం వారిది.

ఫలితంగా ఒక ఫాంటులో కొట్టిన వ్యాసాన్ని ఇంకో ఫాంటులో తెరిస్తే బ్రహ్మరాత కూడా దానికంటే నయం అనిపించేది. అయినా వాటిని తప్పుపట్టలేం. పదిహేను, ఇరవై ఏళ్ళపాటు తెలుగు పుస్తకాలూ పెళ్ళి శుభలేఖలూ సినిమా పోస్టర్లూ వాటి చలవే. మన మహాసభల సావనీర్లు కూడా చాలా వరకు విజయవాడలోనో హైదరాబాదులోనో అను ఫాంట్లలో, పేజిమేకరులో కూర్చినవే. పని బాగా జరిగింది, అచ్చు అందంగా వచ్చింది. ఉమ్మడి సొత్తు మాత్రం ఏర్పడలేదు.

ఇరవై రెండో గది

1991 అక్టోబరులో యూనికోడ్ మొదటి ప్రమాణం వెలువడింది. ప్రపంచ లిపులన్నిటికీ తలా ఒక చోటు చూపించే పథకం అది. అందులో తెలుగుకూ 128 గదుల పెట్టె దొరికింది. ఇస్కీ చూపిన దారిలోనే దేవనాగరి, బెంగాలీ, గురుముఖి, గుజరాతీ, ఒరియా, తమిళం, తెలుగు, కన్నడం, మలయాళం అనే తొమ్మిది లిపులకూ ఒకే కొలత పెట్టెలు, ఒకే వరస గదులు ఇచ్చారు. ఏ పెట్టె తెరిచినా 'క' ఇరవై రెండో గదిలోనే ఉంటుంది. తమిళంలో 'ఖ' లేదు కాబట్టి దాని పక్క గది ఖాళీగా ఉంచారు. వరస మాత్రం చెడలేదు. మన లిపుల బంధుత్వాన్ని కంప్యూటరుకు ఇంత చక్కగా చెప్పిన పట్టిక మరొకటి లేదు. కన్నడం కోసం రాసిన ప్రోగ్రామును తెలుగుకు మలచుకోవడం దీనివల్ల ఎంతో సులువైంది.

అయితే పట్టిక ఉన్నంతమాత్రాన అక్షరం తెర మీదికి రాదు. ముక్కలను కలిపి 'స్త్రీ' అని చూపించే తెలివి కంప్యూటరులో ఉండాలి. అది మామూలు జనానికి అందింది పదేళ్ళ తరువాత, 2001లో విండోస్ ఎక్స్‌పితో. గౌతమి అనే ఫాంటు దానితో వచ్చింది. అప్పుడు కూడా ఎక్స్‌పి సీడీ పెట్టి, ఎక్కడో లోపలి గడిలో టిక్కు పెడితే గాని తెలుగు సరిగా కనబడేది కాదు. ఆ టిక్కు ఎక్కడ పెట్టాలో ఫోనులో చెప్పడానికే ఎన్నో ఆదివారాలు నాకు ఖర్చయ్యాయి. తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారు పోతన, వేమన అనే యూనికోడ్ ఫాంట్లను ఉచితంగా ఇచ్చింది ఆ రోజుల్లోనే. అవి లేకపోతే తెలుగు యూనికోడ్ ఇంకా చాలాకాలం కాగితం మీదే ఉండిపోయేది.

పద్మ, లేఖిని, నిఖిలే

2003 డిసెంబరులో వెన్న నాగార్జున గారు తెలుగు వికీపీడియాకు శ్రీకారం చుట్టారు. ఆ తరువాత 'పద్మ' అనే పనిముట్టు తయారుచేశారు. ఫైర్‌ఫాక్సుకు తగిలించే చిన్న జోడింపు అది. ఈనాడు, వార్త వంటి పత్రికలు తమ తమ ఫాంట్లలో పెట్టిన పుటలను అది చదివేవారి కంటి ముందే యూనికోడులోకి మార్చేది. ఆర్.టి.ఎస్.లో రాసినదాన్నీ మార్చేది. ఒక్కొక్క ఫాంటుకు ఒక్కొక్క పట్టిక, అన్నిటికీ మధ్యలో మార్చే యంత్రం మాత్రం ఒక్కటే. కొత్త ఫాంటు వస్తే కొత్త పట్టిక చేర్చడమే, యంత్రాన్ని ముట్టుకోనక్కరలేదు. బిల్లుల ప్రోగ్రాములతో అవస్థపడిన నాకు ఆ నిర్మాణం చూసినప్పుడు కడుపు నిండినట్టయింది. మారేది ఒక పక్క, మారనిది ఇంకో పక్క.

పద్మ లోపలి రాతను అందరికీ తెరిచి ఉంచడం వల్ల దాని సంతానం త్వరగానే పెరిగింది. 2006లో వీవెన్ గారు దాని ఆధారంగా 'లేఖిని' కట్టారు. పై పెట్టెలో ఆర్.టి.ఎస్. పద్ధతిలో కొడుతూ ఉంటే కింది పెట్టెలో తెలుగు వస్తుంది. కంప్యూటరులో ఏదీ దించుకోనక్కరలేదు, ఆఫీసు కంప్యూటరులోనైనా నడుస్తుంది. తెలుగును మళ్ళీ ఆర్.టి.ఎస్.లోకి తిప్పడానికి ఇంకో పనిముట్టు చేసి, లేఖినిని తిరగేసి 'నిఖిలే' అని పేరు పెట్టారు. వికీపీడియాలో రాసే పెట్టెలోకీ ఇదే పద్ధతి చేరింది. శేషాద్రివాసు చంద్రశేఖరన్ గారు 1998లో కన్నడం కోసం మొదలుపెట్టిన 'బరహ' కూడా తెలుగుతో సహా ఎన్నో భాషలకు విస్తరించింది. దాని మీటల పట్టిక ఆర్.టి.ఎస్.కు దగ్గరి చుట్టమే గాని అచ్చంగా అదే కాదు. రెండూ వాడినవాళ్ళకు వేళ్ళు తడబడేది అందుకే.

హ్యూస్టన్‌లో కుదిరిన ఒక పుట ఒప్పందం ఇలా పదిహేనేళ్ళలో అచ్చులోకి, బ్రౌజరులోకి, విజ్ఞాన సర్వస్వంలోకి వెళ్ళింది. ప్రోగ్రాములు రాసినవాళ్ళు వేరు, కాలం వేరు, యంత్రాలు వేరు. వేరు మాత్రం ఒక్కటే.

కట్టడం ఒక ఎత్తు, నిలబెట్టడం ఒక ఎత్తు

ఇక్కడితో కథ సుఖాంతం అంటే బాగుండేది. నా వృత్తి నాకు నేర్పింది వేరు. ప్రోగ్రాములో అక్షరం కూడా మారకపోయినా అది పాడైపోతుంది, ఎందుకంటే చుట్టూ ఉన్న లోకం మారుతుంది.

2017 నవంబరులో వచ్చిన ఫైర్‌ఫాక్స్ 57 పాత పద్ధతిలో రాసిన జోడింపులన్నిటినీ పక్కన పెట్టేసింది. పద్మ రాసింది ఆ పాత పద్ధతిలోనే. దానిలో తప్పేమీ లేదు, కింద నేల జరిగిపోయింది. 2018 ఫిబ్రవరిలో ఇంకో విచిత్రం. 'జ్ఞా' అనే అక్షరం మధ్యలో కంటికి కనబడని ఒక గుర్తు చేరితే చాలు, దాన్ని చూపించబోయి ఐఫోనులోని సందేశాల ప్రోగ్రాము కుప్పకూలేది. యాపిల్ సంస్థ 11.2.6 విడుదలతో దాన్ని సరిచేసింది. ప్రపంచంలోకెల్లా ఖరీదైన ఫోను మన జ్ఞానాన్ని మోయలేకపోయిందని అప్పట్లో మేము నవ్వుకున్నాం. నవ్వు సంగతి అలా ఉంచితే, తెలుగు చదవడం రానివాళ్ళ చేతుల్లో మన అక్షరం బాగోగులు ఉన్నాయని అది గుర్తుచేసింది.

ఉమ్మడి పట్టికకు కూడా పోషణ కావాలి. 'చాప'లో పలికే దంత్య చకారానికీ, 'జడ'లో పలికే దంత్య జకారానికీ యూనికోడులో చోటు దొరికింది 2008లో. పాత పుస్తకాల్లో కనబడే నకారపొల్లుకు విడిగా గది దొరికింది 2021లో. తాళపత్రాల మీదా తొలి అచ్చు పుస్తకాల మీదా పనిచేసేవారు ఎవరో ఓపికగా ఆధారాలు పోగుచేసి, అర్జీ రాసి పంపితేనే ఇలాంటివి జరుగుతాయి. వాళ్ళకు మనం ఏ సభలోనూ శాలువా కప్పలేదు.

అయినా కుటుంబం ఆగలేదు. పురుషోత్ కుమార్ గుత్తుల గీసిన మండలి, రామభద్ర, మల్లన్న వంటి యూనికోడ్ ఫాంట్లు 2010లలో అందరికీ ఉచితంగా అందాయి. ఫోను ఇప్పుడు ఆర్.టి.ఎస్. తెలియకపోయినా మన ఉద్దేశం ఊహించి తెలుగులోకి మారుస్తుంది. మా అమ్మాయి అమ్మమ్మకు సందేశాలు అలాగే పంపుతుంది. పెద్ద 'ఎల్', చిన్న 'ఎల్' గొడవ ఆమెకు తెలియదు. ఊహ తప్పినప్పుడు మాత్రం కలకూ కళకూ తేడా ఏమిటో నన్ను అడగవలసి వస్తుంది.

మన సావనీర్ల సంగతి

ఇప్పుడు అసలు విషయం. ఆ మధ్య మిత్రులు కొందరు పాత సావనీర్లను అందరికీ అందుబాటులో పెడదామని నా దగ్గరికి రెండు వస్తువులు తెచ్చారు. మొదటిది 1990లలో ఒకాయన ఆర్.టి.ఎస్.లో కొట్టి దాచుకున్న వ్యాసాల ఫైలు. రెండోది 2000లలో ఒక సావనీరు కూర్చిన సీడీ, పేజిమేకరు ఫైళ్ళతో సహా. ఏది ముందు తెరుచుకుంటుందని అడిగితే ఎవరైనా కొత్తదే అంటారు.

జరిగింది దానికి తలకిందులు. పాత ఫైలును నేరుగా లేఖినిలో అతికిస్తే రెండు నిమిషాల్లో తెలుగు కళ్ళ ముందు నిలిచింది. సీడీ మాత్రం మొండికేసింది. పేజిమేకరు చివరి విడుదల 7.0, 2001 నాటిది. కొంతకాలం ఇన్‌డిజైన్ ఆ ఫైళ్ళను తెరిచేది, తరువాతి విడుదలల్లో ఆ సదుపాయం తీసేశారు. ఒక పాత కంప్యూటరు సంపాదించి ఎలాగో తెరిస్తే, వాడిన ఫాంటు లేక తెర నిండా కొమ్ములూ పొట్లాలూ లేని పిచ్చిగీతలు. ఆ పుటల్లో ఈ దేశానికి 1960లలో వచ్చిన డాక్టర్ల, ఇంజనీర్ల తొలి అనుభవాలున్నాయి. రాసినవారిలో కొందరు ఇప్పుడు లేరు.

ముతక కాగితం లాంటి ఆర్.టి.ఎస్. ఫైలు నిలిచింది, పట్టుచీర లాంటి పేజిమేకరు ఫైలు నిలవలేదు. కారణం ఒక్కటే. మొదటిదాని వెనక అందరికీ తెలిసిన ఒప్పందం ఉంది. అది రాసిన ప్రోగ్రాము పోయినా అదే కుటుంబంలోని ఇంకో ప్రోగ్రాము దాన్ని చదవగలదు. రెండోది ఒక్క ప్రోగ్రామును, ఒక్క ఫాంటును నమ్ముకుంది. నమ్ముకున్నవాళ్ళు పోతే దిక్కులేనిదైంది. ఇదే పని ముందే చేసినవాళ్ళూ ఉన్నారు. 1998లో అమెరికా నుంచి మొదలైన 'ఈమాట' పత్రిక తన తొలి సంచికలను కూడా యూనికోడులోకి మార్చుకుంది కాబట్టే ఈనాడు వాటిని మనం ఫోనులో చదువుకోగలుగుతున్నాం.

మన సంఘాలు చేయగలిగినవి నాకు తోచినంతలో మూడున్నాయి. సావనీరు అచ్చుకు వెళ్ళిన రోజే ప్రతి వ్యాసాన్నీ అలంకారాలేమీ లేని యూనికోడ్ ఫైలుగా కూడా దాచాలి. దానికి ఖర్చు లేదు, ఒక గంట పని. రెండోది, గరాజుల్లో ఉన్న పాత సీడీలను అవి పాడైపోకముందే బయటికి తీసి, ఏ ఫాంటు వాడారో కూర్చినవారిని అడిగి రాసిపెట్టాలి. ఫాంటు పేరు తెలిస్తే మార్చే దారి దొరుకుతుంది. ఫైలు బొత్తిగా తెరుచుకోకపోతే అచ్చుపుటను స్కాన్ చేసి అక్షరాలుగా మార్చే పనిముట్లు ఇప్పుడు తెలుగుకూ ఉన్నాయి. అవి చేసే తప్పులు దిద్దడానికి తెలుగు వచ్చిన కన్ను మాత్రం కావాలి. మా ప్రాంతంలో టాంటెక్స్ వారి 'నెల నెలా తెలుగు వెన్నెల'కు వచ్చే పెద్దల్లో అలాంటి కళ్ళకు కొదవలేదు.

మూడోది కాస్త కష్టం. ఈ పనిముట్లలో చాలావాటిని ఒక్కరో ఇద్దరో ఇన్నేళ్ళుగా మోస్తున్నారు. వాళ్ళకు వారసులు కావాలి. మన పిల్లలు ఇక్కడి కాలేజీల్లో కంప్యూటర్ సైన్సు చదువుతున్నారు, సెలవుల్లో ప్రాజెక్టుల కోసం వెతుక్కుంటున్నారు. ఒక పాత ఫాంటుకు మార్పిడి పట్టిక రాయడం వాళ్ళకు వేసవి సెలవుల పని. దానికి తెలుగు పూర్తిగా రానక్కరలేదు, పక్కన కూర్చుని ఇది కొమ్ము, ఇది వట్రసుడి అని చెప్పే తాతయ్యో అమ్మమ్మో ఉంటే చాలు. ఆ పట్టిక పూర్తయ్యేసరికి వాళ్ళకు అక్షరాలు కూడా వచ్చేస్తాయి.

ఈ సంచిక చదువుతున్న మీలో ఎవరి దగ్గరైనా పాత సావనీరు ఫైళ్ళు ఉంటే, మహాసభ నుంచి ఇంటికి వెళ్ళిన వారంలోనే ఒకసారి తెరిచి చూడండి. తెరుచుకుంటే వెంటనే యూనికోడులో ఒక ప్రతి తీసి మీ సంఘానికి పంపండి. తెరుచుకోకపోతే పారేయకండి, దాన్ని కూర్చినవారికి ఇప్పుడే ఫోను చేయండి.